రగ్బీకి ఐర్లాండ్ ఒకటే, ఫుట్‌బాల్‌కి రెండు: డబ్లిన్, బెల్‌ఫాస్ట్, డెర్రీ మైదానాల యాత్ర

ఐర్లాండ్ రగ్బీ జట్టులో బెల్‌ఫాస్ట్ ఆటగాడూ డబ్లిన్ ఆటగాడూ ఒకే పచ్చ జెర్సీ వేసుకుంటారు. ఆ ఇద్దరే ఫుట్‌బాల్ ఆడితే చెరో జట్టుకి పోతారు, ఆ రెండు జెర్సీలూ పచ్చవే. రగ్బీ సంఘం 1879లో దీవి మొత్తానికీ ఒకటిగా ఏర్పడింది. 1921లో దీవి రెండు ముక్కలై ఉత్తరం బ్రిటన్‌లో ఉండిపోయినా, దక్షిణం తర్వాత రిపబ్లిక్ అయినా, అది చీలలేదు. ఫుట్‌బాల్ సంఘం 1880లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టింది. 1921లో డబ్లిన్ వాళ్లు బయటికొచ్చి సొంత సంఘం పెట్టుకున్నారు. అయినా 1950 దాకా కొందరు ఆటగాళ్లు రెండు జట్లకీ ఆడారు. ఈ చిక్కుముడి ఒక్క మ్యాచ్ చూస్తే విడిపోయేది కాదు. వారం రోజులు పెట్టుకుని డబ్లిన్‌లో రెండు మైదానాలు, బెల్‌ఫాస్ట్‌లో రెండు, వీలైతే డెర్రీలో ఒకటి చూడాలి. ఏది తప్పనిసరి, ఏది వదిలేయవచ్చు, ఎక్కడ బస చేయాలి అన్నదే ఇక్కడ చెప్పబోయేది.

ముందు వీసా సంగతి, ఎందుకంటే మనవాళ్ల ప్రయాణాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్ దారిలో చెక్‌పోస్టు ఉండదు, గేటు ఉండదు. రోడ్డు బోర్డుల మీద కిలోమీటర్లు మైళ్లుగా మారతాయి, ఫోన్ బ్రిటన్ నెట్‌వర్క్ పట్టుకుంటుంది, అంతే. కానీ ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగం, భారత పాస్‌పోర్టుకి అక్కడ వేరే వీసా కావాలి. దీనికి దారి బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్. మన దేశంలో దరఖాస్తు చేసి తీసుకున్న స్వల్పకాలిక వీసా మీద బి.ఐ.వి.ఎస్. అన్న అక్షరాలు ఉంటే ఆ ఒక్క వీసాతో రెండు వైపులా తిరగవచ్చు. షరతు ఒకటుంది: ఏ దేశం వీసా ఇచ్చిందో ముందు ఆ దేశంలోనే దిగాలి. వీసా చేతికి రాగానే ఆ అక్షరాలు ఉన్నాయో లేదో చూసుకోండి, ఆ తర్వాతే బెల్‌ఫాస్ట్ హోటల్ బుక్ చేయండి. డబ్లిన్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఐఆర్‌పీ (ఐర్లాండ్ నివాస అనుమతి) కార్డు ఉన్న తెలుగువాళ్లకి ఈ స్కీమ్ వర్తించదు, బెల్‌ఫాస్ట్ వెళ్లాలంటే బ్రిటన్ వీసా విడిగా తీసుకోవాల్సిందే. "ఎవరూ అడగరులే" అని బస్సెక్కకండి. సరిహద్దు దగ్గర బస్సుల్లో, రైళ్లలో అప్పుడప్పుడు పత్రాలు తనిఖీ చేస్తారు.

డబ్లిన్‌లో మొదటి మజిలీ లాన్స్‌డౌన్ రోడ్. పాత మైదానం పడగొట్టి 2010లో కట్టిన అవీవా స్టేడియంలో 51,700 మంది పడతారు. రగ్బీ సంఘం, రిపబ్లిక్ ఫుట్‌బాల్ సంఘం దీన్ని కలిసి వాడుకుంటాయి. డార్ట్ రైలు స్టేడియం పక్కనే ఆగుతుంది. లీప్ కార్డుతో నగర పరిధిలో 90 నిమిషాల ప్రయాణం 2 యూరోలు. ఆట అయ్యాక మాత్రం స్టేషన్ ముందు జనం కదలరు. పియర్స్ స్టేషన్ వైపు నడిచిపోతే రైలు కోసం నిలబడే టైములోనే ఊళ్లోకి చేరిపోవచ్చు. ఉత్తరం వైపు గోల్ వెనక ఇళ్లకి వెలుతురు అడ్డం రాకూడదని ఒకే అంతస్తు కట్టారు. గాలీ వానా ఆ వైపు నుంచే తగులుతాయి, అక్కడి సీటు చవగ్గా దొరికినా ఆలోచించుకోండి.

ఏటా ఆరు యూరప్ దేశాలు ఆడే రగ్బీ టోర్నీ సిక్స్ నేషన్స్ టికెట్ల కోసం తిప్పలు పడొద్దు. వాటిలో ఎక్కువ భాగం రగ్బీ క్లబ్బుల ద్వారానే పోతుంది, బయట దొరికేవి కొద్ది, ఆ వారాంతాల్లో హోటళ్లు చుక్కలు చూపిస్తాయి. నవంబర్ మ్యాచ్‌లు మేలు, ముఖ్యంగా ప్రత్యర్థి న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా కానప్పుడు. ఏ మ్యాచ్ అయినా ఆట మొదలవడానికి పదిహేను నిమిషాల ముందే సీట్లో ఉండాలి. డబ్లిన్‌లో ఆడినప్పుడు రెండు పాటలు వినిపిస్తారు: ముందు రిపబ్లిక్ జాతీయ గీతం ‘అవ్రాన్ నా వియాన్’, తర్వాత ‘ఐర్లాండ్స్ కాల్’. రెండోది 1995లో రగ్బీ సంఘం ప్రత్యేకంగా రాయించుకున్నది, విదేశాల్లో అదొక్కటే వినిపిస్తారు. మొదటి పాటప్పుడు వరసలో నిలబడ్డ ఆటగాళ్ల పెదాలు చూడండి. ఉత్తరం నుంచి వచ్చిన కొందరు నోరు మెదపరు. రెండో పాటకి వరసంతా భుజాల మీద చేతులేసుకుని గొంతు కలుపుతుంది. పక్కవాడు పాడని పాట వచ్చినప్పుడు ఎవరూ ఎవరినీ నిలదీయరు. రగ్బీలో కనిపించే ఐకమత్యం ఇలా ఒక్కో ఏర్పాటుగా కట్టుకుంటూ వచ్చినది. అందుకే అది గట్టిగా ఉంది, అందుకే ఆట నడిచే 80 నిమిషాల అవతలికి పెద్దగా పోదు కూడా. డబ్లిన్‌లో రగ్బీ అంటే ఫీజులు కట్టే బడుల ఆట, ఉత్తరాన ఎక్కువగా, బ్రిటన్ వైపు మొగ్గే ప్రొటెస్టెంట్ వర్గం గ్రామర్ స్కూళ్ల ఆట. దీవిలో సగం ఇళ్లకి అది టీవీలో వచ్చే ఆటే.

అదే స్టేడియంలో రిపబ్లిక్ ఫుట్‌బాల్ మ్యాచ్ రోజున గుంపు మారిపోతుంది, త్రివర్ణ పతాకాలు పెరుగుతాయి, పాట ఒక్కటే ఉంటుంది. ఆ జట్టులో డెర్రీ కుర్రాళ్లు కూడా ఆడారని గమనించాలి. ఉత్తరాన దశాబ్దాల హింసకి తెరదించిన 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం ప్రకారం ఉత్తరాన పుట్టినవాళ్లు ఐరిష్ పౌరులుగా, బ్రిటిష్ పౌరులుగా, లేదా రెండుగా ఉండవచ్చు. 2010లో క్రీడా న్యాయస్థానం కూడా రిపబ్లిక్‌ని ఎంచుకునే హక్కు వాళ్లకి ఉందని తేల్చింది. జేమ్స్ మెక్లీన్ ఉత్తర ఐర్లాండ్ అండర్-21కి ఆడి, తర్వాత రిపబ్లిక్‌కి వందకి పైగా మ్యాచ్‌లు ఆడాడు. బెల్‌ఫాస్ట్ అభిమానులకి ఇప్పటికీ మండేది ఇలాంటి మార్పులంటేనే.

డబ్లిన్‌లో రెండోది క్రోక్ పార్క్. ఈ యాత్రలో ఒక్క మైదానానికే టైముందంటే ఇదే చూడాలి. 82,300 మంది పట్టే ఈ స్టేడియం గేలిక్ ఆటల (హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ లాంటి ఐర్లాండ్ దేశవాళీ ఆటల) సంఘానిది. ఆ సంఘం 1884లో థర్ల్స్‌లో పుట్టింది. 1920 నవంబర్ 21న డబ్లిన్-టిప్పరరీ మ్యాచ్ నడుస్తుండగా బ్రిటిష్ బలగాలు లోపలికొచ్చి కాల్పులు జరిపాయి. 14 మంది చనిపోయారు, వాళ్లలో టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకడు. హోగన్ స్టాండ్‌కి ఆయన పేరే పెట్టారు. ఈ సంఘం తన సభ్యుల్ని రగ్బీ, ఫుట్‌బాల్, క్రికెట్ ఆడనివ్వలేదు, చూడనివ్వలేదు. ఆ నిషేధం 1971లోగాని పోలేదు. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి హాజరయ్యాడని 1938లో దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్‌నే సంఘం పోషకుడి హోదా నుంచి తీసేశారు. అలాంటి చోట 2007 ఫిబ్రవరి 24న ఇంగ్లండ్ రగ్బీ జట్టు ఆడింది, బ్రిటన్ గీతం వినిపించింది, జనం మర్యాదగా విన్నారు, ఐర్లాండ్ 43-13తో గెలిచింది. మ్యూజియం, స్టేడియం టూర్ కలిపి రెండున్నర గంటలు పెట్టుకోండి. పైకప్పు మీది స్కైలైన్ టూర్ గాలి లేని రోజున బాగుంటుంది, లేకపోతే డబ్బు దండగ. ఉత్తరం వైపు నిలబడి చూసే హిల్ 16 దగ్గర కాసేపు ఆగండి. బ్రిటన్ పాలన మీద జరిగిన 1916 తిరుగుబాటు శిథిలాలతో కట్టారని ఊరంతా చెప్పుకుంటుంది. నిజానికి అది అంతకుముందే ఉంది, అప్పట్లో దాని పేరు హిల్ 60. గల్లిపోలీలో బ్రిటిష్ సైన్యం తరఫున ఐరిష్ సైనికులు పోరాడిన గుట్ట పేరు అది. ఆ పేరు తర్వాత మార్చేశారు.

బసకి అవీవా పక్కనుండే బాల్స్‌బ్రిడ్జ్ ఖరీదు, అంత పెట్టక్కర్లేదు. క్రోక్ పార్క్ దగ్గరి డ్రమ్‌కాండ్రాలో గెస్ట్‌హౌస్‌లు ఉంటాయి, ఎయిర్‌పోర్ట్ బస్సులు ఆ దారినే పోతాయి. వేసవిలో డబ్లిన్ సిటీ యూనివర్సిటీ, ట్రినిటీ కాలేజీ విద్యార్థుల గదుల్ని అద్దెకిస్తాయి, శుభ్రంగా ఉంటాయి. బుక్ చేసే ముందు ఆ తేదీల్లో రెండు స్టేడియాల్లో సంగీత కచేరీలు ఉన్నాయేమో చూసుకోండి. మ్యాచ్‌ల కంటే కచేరీలకే గదుల ధరలు ఎక్కువ పెరుగుతాయి.

బెల్‌ఫాస్ట్‌కి కానలీ స్టేషన్ నుంచి ఎంటర్‌ప్రైజ్ రైలు రెండు గంటల పైచిలుకు. ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే తక్కువకొస్తుంది, శుక్రవారం సాయంత్రం, ఆదివారం కిక్కిరిసి ఉంటుంది. బస్సుకి డబ్బు తక్కువ, పైగా డబ్లిన్ ఎయిర్‌పోర్ట్ నుంచే ఎక్కవచ్చు. రోడ్డు మీద సరిహద్దు దగ్గర కిలీన్ అనే చోటు వస్తుంది. 1987 ఏప్రిల్‌లో బ్రిటన్ పాలనకి వ్యతిరేకంగా పోరాడిన సాయుధ సంస్థ ఐఆర్ఏ ఒక న్యాయమూర్తి దంపతుల్ని చంపడానికి పెట్టిన బాంబు పేలినప్పుడు, డబ్లిన్ శిక్షణ శిబిరానికి కారులో పోతున్న ముగ్గురు ఉత్తరాది రగ్బీ ఆటగాళ్లు అక్కడే చిక్కుకున్నారు. నైజల్ కార్ ఆట జీవితం అక్కడితో ముగిసింది. ఆ రోజుల్లో ఒకే జట్టుకి ఆడటం అంటే ఈ రోడ్డు మీద ప్రయాణం చేయడం కూడా.

బెల్‌ఫాస్ట్‌లో తప్పకుండా చూడాల్సింది విండ్సర్ పార్క్. సుమారు 18,500 సీట్లు. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే కొద్ది నిమిషాల్లో అడిలైడ్ వస్తుంది, అక్కడి నుంచి నడకే. వేగంగా పోయే రైళ్లు అక్కడ ఆగవు. ఇక్కడ మ్యాచ్ ముందు వినిపించేది బ్రిటన్ జాతీయ గీతం. స్టాండ్లు గట్టిగా పాడతాయి; జట్టులో తల దించుకుని నిలబడే, ఐర్లాండ్ వైపు మొగ్గే కేథలిక్ వర్గం ఆటగాళ్లూ ఉంటారు. 2002లో కెప్టెన్‌గా దిగాల్సిన నీల్ లెనన్, కేథలిక్, ఆ వర్గం అభిమానించే స్కాట్లండ్ క్లబ్ సెల్టిక్ ఆటగాడు, చంపుతామన్న బెదిరింపు వచ్చి అంతర్జాతీయ ఆటే వదిలేశాడు. ఆ తర్వాత అభిమానులే పూనుకుని మతవైరం పాటలు మాన్పించారు, బ్రిటన్ జెండా రంగులైన ఎరుపు-తెలుపు-నీలం బదులు స్టాండ్లని పచ్చరంగుతో నింపారు. ఈ మార్పుకి రావాల్సినంత పేరు రాలేదు. ఆదివారాన్ని పవిత్రంగా చూసే ఊరు ఇది, ఉత్తర ఐర్లాండ్ సొంతగడ్డ మీద ఆదివారం ఆడటం 2015 మార్చిలో ఫిన్లండ్‌తోనే మొదలు. ఆదివారం పెద్ద దుకాణాలు మధ్యాహ్నం 1 నుంచి 6 వరకే తెరుస్తారు, తిండి సరుకులు శనివారమే కొనుక్కోండి. అంతర్జాతీయ టికెట్లు దొరక్కపోతే అదే మైదానంలో లిన్‌ఫీల్డ్ క్లబ్ మ్యాచ్ చూడవచ్చు, సీట్లకి లోటుండదు.

రగ్బీకి తూర్పు బెల్‌ఫాస్ట్‌లోని రేవెన్‌హిల్. స్పాన్సర్ పేర్లు మారినా ఊరివాళ్లు అలాగే అంటారు. 1954లో స్కాట్లండ్‌తో మ్యాచ్‌కి ముందు బ్రిటన్ గీతానికి నిలబడబోమని దక్షిణాది ఆటగాళ్లు పట్టుబట్టారు. ఆ తర్వాత 2007లో ఇటలీ వచ్చేదాకా అక్కడ ఐర్లాండ్ పూర్తిస్థాయి అంతర్జాతీయ మ్యాచ్ ఆడలేదు. ఇప్పుడు అక్కడ ఉత్తరాది ప్రాంతీయ జట్టు అల్స్టర్ ఆడుతుంది. టికెట్ సులువు, గుంపు కుటుంబాలతో ఉంటుంది. పశ్చిమాన గేలిక్ ఆటల కేస్‌మెంట్ పార్క్ 2013 నుంచి మూతబడి ఉంది, పనిగట్టుకుని పోవద్దు. పశ్చిమ, తూర్పు బెల్‌ఫాస్ట్‌లని కలిపే గ్లైడర్ జి1 బస్సు మాత్రం చివరి నుంచి చివరికి ఎక్కండి. గోడల మీద బొమ్మలు, కిటికీల్లో జెండాలు ఎక్కడ మారుతున్నాయో దాన్ని మించి ఏ టూరూ చూపించదు. టికెట్ బస్సులో ఇవ్వరు, స్టాపులోని మిషన్లో ఎక్కకముందే తీసుకోవాలి.

బెల్‌ఫాస్ట్‌లో ఒక రాత్రైనా ఉండాలి. 7:45కి మొదలైన మ్యాచ్ అయ్యేసరికి డబ్లిన్ రైళ్లు అయిపోతాయి. యూనివర్సిటీ చుట్టుపక్కల, లిస్బర్న్ రోడ్ వైపు బస మంచిది, విండ్సర్ పార్క్ నడిచి వెళ్లేంత దూరం. ప్రొటెస్టెంట్ల జులై 12 ఊరేగింపుల వారంలో ఈ ప్రయాణం పెట్టుకోవద్దు, సగం ఊరు మూసేసి ఉంటుంది. సెల్టిక్ జెర్సీ గానీ, ప్రొటెస్టెంట్లు అభిమానించే స్కాట్లండ్ క్లబ్ రేంజర్స్ జెర్సీ గానీ ఉంటే సూట్‌కేసులోనే ఉంచండి. చాలా పబ్బులు ఫుట్‌బాల్ జెర్సీతో లోపలికి రానివ్వవు. ఇక్కడి బ్యాంకులు వేసే పౌండ్ నోట్లు ఇక్కడే ఖర్చు పెట్టేయండి, లండన్‌లో వాటిని తీసుకోవడానికి దుకాణాలు సందేహిస్తాయి.

డెర్రీకి రైల్లో కొల్‌రేన్ దాటాక కుడివైపు కూర్చుంటే సముద్రం పక్కనే ఉంటుంది. అక్కడి బ్రాండీవెల్ మైదానం కోట గోడల నుంచి పావుగంట నడక, కేథలిక్ పేట బాగ్‌సైడ్ మీదుగా. భద్రత లేదని ఇతర జట్లు అక్కడికి రావడానికి ఒప్పుకోక డెర్రీ సిటీ 1972లో ఉత్తరాది లీగ్ వదిలేసింది, 1985 నుంచి రిపబ్లిక్ లీగ్‌లో ఆడుతోంది. ఊళ్లో చెల్లేది పౌండ్, ఆడేది యూరోల లీగ్. ఆ లీగ్ ఫిబ్రవరి నుంచి నవంబర్ దాకా, ఎక్కువగా శుక్రవారం రాత్రులు.

క్రికెట్ కూడా రగ్బీ లాగే దీవి మొత్తానికి ఒకే జట్టు, అదే ‘ఐర్లాండ్స్ కాల్’. 2023 ఆగస్టులో భారత జట్టు డబ్లిన్ శివారు మలహైడ్‌లో ఆడినప్పుడు మన హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ అందులో ఉన్నాడు. మూడో మ్యాచ్ వానకి కొట్టుకుపోయింది. అక్కడ శాశ్వత స్టాండ్లు లేవు, తాత్కాలికంగా వేస్తారు, పైకప్పు ఉండదు. ఉత్తరాన ఈ జట్టు ఆడే మైదానాల్లో ఒకటి బెల్‌ఫాస్ట్‌లోని స్టార్మంట్‌లో, ఉత్తర ఐర్లాండ్ శాసనసభ ఉన్న ఎస్టేట్ లోపల. వేసవిలో వెళ్లేవాళ్లు మ్యాచ్ తేదీలు రెండు చోట్లా చూసుకుని రైలు బుక్ చేసుకోవచ్చు.