బసవనగుడి దుకాణంలో పాత మొక్కల బొమ్మలు: ముద్రణ మేలైనది, పేరు చీటీలు సరిచూసుకోవాలి

బెంగళూరులో గాంధీ బజార్‌కూ లాల్‌బాగ్ పడమటి గేటుకూ మధ్యనున్న ఈ చిన్న దుకాణం, పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల వృక్షశాస్త్ర గ్రంథాల్లోని పూలమొక్కల, ఔషధ మొక్కల బొమ్మలను దళసరి నూలు కాగితం మీద తిరిగి ముద్రించి అమ్ముతుంది. నా ఆయుర్వేద వైద్యశాలలో రోగులు కూర్చునే గదికి కొన్ని బొమ్మలు కావలసి ఇక్కడికి వెళ్లాను. మా దగ్గరికి హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. ఆకును చూసి చెట్టు పేరు చెప్పగలిగే పెద్దవాళ్లు వాళ్లలో ఇంకా ఉన్నారు కాబట్టి, అటువంటివారి కళ్ల ముందు పెట్టే బొమ్మ చూడచక్కగా ఉంటే సరిపోదు, మొక్కను ఉన్నదున్నట్టు చూపాలి. దుకాణదారు కూడా తెలుగువారే. లోపలికి వెళ్లగానే ఆయన వేసిన మొదటి ప్రశ్న, "గోడకు అందంగా ఉంటే చాలా సార్, మొక్క తెలియాలా?" అని. ఈ తేడా తెలిసిన దుకాణం నాకు ఈ ఊళ్లో మరొకటి తగల్లేదు.

తేడా ఎక్కడుందంటే, ఔషధ మొక్క బొమ్మలో పువ్వున్న కొమ్మ ఒక భాగం మాత్రమే. దాని కింద, పక్కన, చిన్న చిన్న అంకెలు వేసి, నిలువుగా చీల్చిన పువ్వు, విడదీసిన కేసరాలు, అడ్డంగా కోసిన కాయ, గింజ విడివిడిగా గీసి ఉంటాయి. ఒకే పోలికలో ఉన్న రెండు మొక్కలను వేరుచేసి చెప్పేవి ఆ చిన్న బొమ్మలే. అలంకరణ సామాన్లు అమ్మేచోట వాటిని కత్తిరించి పారేసి, కొమ్మను మాత్రం పెద్దది చేసి ఫ్రేములో బిగిస్తారు. ఇక్కడ మాత్రం అంచులతో, పలక (గ్రంథంలో బొమ్మ ఉన్న పుట) సంఖ్యతో, అడుగున చెక్కిన లాటిన్ పేరుతో సహా పుట మొత్తాన్ని ముద్రిస్తున్నారు. నేను డబ్బు పెట్టింది ప్రధానంగా దీనికే.

వీరి దగ్గర తప్పక చూడవలసినవి రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలోని బొమ్మలు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడైన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి మన సామర్లకోటలో ఉండి, చుట్టుపక్కల మొక్కలను సేకరించి, స్థానిక చిత్రకారుల చేత గీయించాడు. వాటిలో 300 బొమ్మలను రాగి రేకుల మీద చెక్కించి, చేత్తో రంగులు వేయించి, 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా లండన్‌లో ప్రచురించారు. చాలా మొక్కలకు తెలుగు పేర్లు కూడా నమోదు చేసిన గ్రంథమది. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టుకు ఇప్పటి శాస్త్రీయ ప్రజాతి నామం (దగ్గరి పోలికలున్న మొక్కల గుంపు పేరు) సోయ్‌మిడా కావడానికి మూలం ఆ తెలుగు పేరే. నేను మోదుగు బొమ్మను భూతద్దంతో చూశాను. నారింజ ఎరుపు రేకుల కింద చెక్కుడు గీతలు వెంట్రుకంత సన్నగా, ఎక్కడా తెగకుండా కనబడ్డాయి, పూతొడిమ మీది మెత్తని నూగు కూడా చెదరలేదు. రాగి రేకు ఒత్తిడికి అసలు ప్రతుల కాగితం అంచున పడే లోతైన గుర్తు ఇందులో ఉండదు, కొత్త ముద్రణలో దాన్ని ఆశించకూడదు కూడా.

నాకు మనసుకు కష్టం కలిగించిన విషయం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోలేను. ఆ గ్రంథంలో నాలుగో పలక ముష్టి, ఐదో పలక చిల్ల. రెండూ ఒకే ప్రజాతి, రెండింటి ఆకుల్లోనూ ఈనెలు మొదలు దగ్గర నుంచే విడిపోయి చివరి దాకా సాగుతాయి. కాయలు మాత్రం వేరు: ముష్టిది నారింజపండంత, లోపల బిళ్లల్లాంటి గింజలు, చిల్లది చిన్నది, పండితే నల్లబడుతుంది, ఒకటే గింజ. చిల్లగింజను కుండలో అరగదీసి బురదనీటిని తేర్చుకోవడం మన పల్లెల్లో ఎరిగినదే. ముష్టిగింజ ప్రాణం తీసే విషం, పాలలో ఉడికించి శుద్ధి చేయనిదే మేము ముట్టుకోము. దుకాణంలో ఈ రెండు బొమ్మల మౌంట్ల (బొమ్మను అమర్చే అట్టల) మీద తెలుగు, కన్నడ చీటీలు తారుమారై ఉన్నాయి. చెప్పగానే దుకాణదారు ఏ వాదనా లేకుండా అక్కడే మార్పించారు, సంతోషం. అయినా ఔషధ మొక్కల పేరుతో అమ్మేవారు తెలిసినవారి చేత ముందే చూపించుకోవాలి. కొనేవారు కూడా చీటీని నమ్మకుండా పుట అడుగున చెక్కిన పేరును చదివి చూసుకోవాలి.

వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ గ్రంథాల బొమ్మలు మరో అరలో ఉన్నాయి. మద్రాసులో 1838లో మొదలై 1853లో ముగిసిన ఆయన ఆరు సంపుటాల శిలాముద్రణల్లో (రాతి మీద గీసి అచ్చువేసిన బొమ్మల్లో) 2,101 పలకలున్నాయి. వాటికి రంగులు లేవు, గీత ఒక్కటే. నాకు అవే ఎక్కువ నచ్చాయి, ఎందుకంటే ఆకు దళసరిదో పల్చనిదో కూడా ఆ గీతలోనే తెలిసిపోతుంది. వైట్ వద్ద పనిచేసిన చిత్రకారులు రంగయ్య, గోవిందు. గోవిందు మీద గౌరవంతో వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికే గోవిందూయియా అని పేరు పెట్టాడు. ఇంతటివారి పేర్లు దుకాణం చీటీల మీద లేకపోవడం న్యాయం కాదు. నేను అడిగితే నా ప్రతుల మీద రాసిచ్చారు గాని, ఎవరూ అడగకుండానే రాయవలసిన పేర్లవి. రాక్స్‌బర్గ్ బొమ్మల మీద కనీసం "భారతీయ చిత్రకారులు గీసినది" అన్న మాటైనా ఉండాలి.

జర్మనీలో 1887 నుంచి వెలువడిన కోహ్లర్ ఔషధ మొక్కల రంగు శిలాముద్రణలను కూడా వీరు అమ్ముతున్నారు. వాటిలో ఎరుపు, ఆకుపచ్చ మరీ ముదిరిపోయాయి, నేను తీసుకోలేదు. కొన్ని ప్రతులకు పాతదనం కోసం పసుపు ఛాయ వేస్తారు. అది వద్దని ముందే చెప్పాలి, లేకపోతే తెల్లపూల రంగు మారిపోతుంది.

ఏ3 సైజు ముద్రణ 1,200 రూపాయలు, ఫ్రేముతో 2,900. కాగితాన్నీ ముద్రణనూ చూస్తే ముద్రణ ధర సబబుగానే ఉంది, ఫ్రేము ధర ఎక్కువ. ముద్రణ మాత్రమే తీసుకుని, ఆమ్లం లేని మౌంట్ బోర్డుతో, గాజు కాగితానికి తగలకుండా ఎడం ఉంచి బయట కట్టించుకోవడం మేలు. గాజు కాగితానికి ఆనితే బెంగళూరు వానాకాలపు చెమ్మకు బొమ్మ దానికి అంటుకుపోయే ప్రమాదం ఉంది.