తోలుకూ పదును కావాలి: ధర్మవరం, నిమ్మలకుంట, కళ్యాణదుర్గం పక్క తిరిగిన రోజులు

మా గుర్రం ముక్కు మీద రూపాయి బిళ్ళంత పుండు పడింది. నైలాన్ ముఖపట్టీ ఒరుసుకుని పడిన పుండు అది. పట్టీ తీసేసి, మందు రాసి పదిహేను రోజులు వదిలేస్తే మానింది. కానీ ఆ పట్టీని మళ్ళీ దాని ముఖానికి కట్టడానికి నాకు చేతులు రాలేదు. నైలాన్‌తో ఇంకో భయం కూడా ఉంది. గుర్రం బెదిరి గుంజుకున్నప్పుడు పట్టీ ఎక్కడైనా తగులుకుంటే, తోలు పట్టీ అయితే తెగుతుంది, గుర్రం బతుకుతుంది. నైలాన్ తెగదు.

కర్నూల్లో మాకు రెండు గుర్రాలున్నాయి, పెళ్ళి ఊరేగింపులకు పంపుతాం. మా జేజినాయన కాలంలో జట్కా ఉండేది. ఆయన వాడిన పగ్గాలు ఇంకా అటక మీదే ఉన్నాయి. నాలుగు పాయల తోలు జడ, చిటికెన వేలంత లావు. దుమ్ము తుడిచి ఆముదం పట్టించి రెండు రోజులు ఉంచితే మళ్ళీ వేలికి చుట్టుకునేంత మెత్తబడ్డాయి. అలాంటిది నా చేత్తో అల్లాలనిపించింది. సంక్రాంతి వెళ్ళగానే బయలుదేరాను.

గుర్రపు సామాను అనగానే అందరూ కాన్పూర్ పేరు చెబుతారు. నిజమే, కాన్పూర్ జీనులకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కానీ నాకు కావలసింది కొనడం కాదు, అల్లడం నేర్చుకోవడం. దానికి అంత దూరం పోనక్కర్లేదు. పచ్చితోలు సంగతి పూర్తిగా తెలిసినవాళ్ళు నిమ్మలకుంటలో ఉన్నారు. తోలు జడ అల్లడం చెర్నాకోల చేసే పెద్దవాళ్ళకు తెలుసు, వాళ్ళు అనంతపురం పల్లెల్లో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. ఈ రెండు విద్యలూ ఒకచోట దొరకవు. అందుకే ఈ తిరుగుడు.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. పచ్చితోలంటే ఊనని తోలు, అంటే చెట్టుబెరడు రసంలాంటి వాటిలో నానబెట్టనిది. వెంట్రుకలు, కండ గీకేసి, లాగి కట్టి ఎండబెడతారు, అంతే. ఎండితే కొమ్ములా గట్టిపడుతుంది, తడిస్తే సాగుతుంది. తంగేడు చెక్కతోనో కరక్కాయతోనో ఊనితే అది పదను చేసిన తోలు, తడిసినా కుళ్ళదు, మెత్తగా ఉంటుంది. అమెరికాలో కాలిఫోర్నియా పశువుల కాపరులు, అర్జెంటీనాలో గౌచోలనే కాపరులు పచ్చితోలు సన్నని దారాలతోనే ముక్కుపట్టీలు, పగ్గాలు, పలుపుతాళ్ళు అల్లుతారు. 8, 12, 16 పాయలదాకా పోతారు. నోట్లో ఇనుప కడ్డీ లేకుండా ముక్కుపట్టీతోనే గుర్రాన్ని నడిపే కళ్ళేన్ని వాళ్ళు హాకమోర్ అంటారు. ఆ మాట స్పానిష్ హాకిమా నుంచి వచ్చింది, దానికి మూలం అరబ్బీ. మనం లగాము అనే మాటను పారశీకం నుంచి తెచ్చుకున్నట్టే. గుర్రాలతో పాటు వాటి సామాను పేర్లు కూడా సముద్రాలు దాటాయన్నమాట.

కర్నూలు నుంచి డోన్, గుత్తి, అనంతపురం మీదుగా ధర్మవరానికి రైలే మేలు. బస్సులో నడుములు పోతాయి. ధర్మవరంలో దిగగానే ఉగ్గాని బజ్జి తిన్నాను. స్టేషన్ బయట తోపుడు బండి మీద, వేడి వేడిగా, బొరుగులు మరీ నానకుండా. ఈ తిరుగుడులో తిన్నవాటిలో అదే మొదటి స్థానం. కళ్యాణదుర్గం పక్క పల్లెలో పెట్టిన సంగటి, బుడ్డల ఊరుబిండి దానికి గట్టి పోటీ.

బస విషయం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు ఎదురైంది ఇంకొకరికి ఎదురవకూడదు. మొదట దిగిన లాడ్జీ గది శుభ్రంగానే ఉంది, నీళ్ళు వచ్చాయి, అద్దె 700. రెండో రోజు సాయంత్రం నానిన మేకతోలు సంచిలో పెట్టుకుని వచ్చాను. రాత్రి తొమ్మిదికి మేనేజరు తలుపు కొట్టి, వాసన వస్తోందని, ఇప్పుడే ఖాళీ చేయమన్నాడు. సంచి బయట పెడతానన్నా వినలేదు. ఏ కులమని కూడా అడిగాడు. కట్టిన అడ్వాన్సు ఇవ్వలేదు. ఆ రాత్రి స్టేషన్ విశ్రాంతి గదిలో గడిపాను. మర్నాడు ఇంకో లాడ్జీకి పోయి, వచ్చిన పని ముందే చెప్పి, మేడమీది గది అడిగాను. ఆ యజమాని నవ్వి, డాబా మీద ఒక తొట్టి చూపించి, "నానబెట్టుకో అన్నా, పైన మూత పెట్టు, కాకులు లాక్కుపోతాయి" అన్నాడు. గది చిన్నది, కిటికీ సరిగా పడదు, దోమలున్నాయి. అయినా తోలు పని నేర్చుకోవాలని వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: గది ఎలా ఉందని కాదు, డాబా ఉందా అని అడగండి.

నిమ్మలకుంట ధర్మవరం మండలంలోనే, ఆటోలో పోవచ్చు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా, మాకు మాత్రం ఇంకా అనంతపురమే. తోలుబొమ్మల ఊరు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వీధిలో నడుస్తుంటే గుమ్మాల్లో హనుమంతులు, దీపాలకు పెట్టే తోలు తొడుగులు వేలాడుతుంటాయి. బొమ్మలు చూడ్డానికి వచ్చేవాళ్ళు ఎక్కువ. నేను తోలు చూడ్డానికి వచ్చానంటే ఒక ఇంటి అక్క ఆశ్చర్యపోయి, లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

మేకతోలును నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు వదిలాక మొద్దు కత్తితో గీకుతారు. ఆ కత్తికి పదును ఉండకూడదు, ఉంటే తోలు చిరుగుతుంది. తర్వాత నేల మీద పరిచి అంచుల చుట్టూ మేకులు కొట్టి లాగి కడతారు. ఆ అక్క ఎండిన తోలొకటి తీసి ఎండకు అడ్డంగా పట్టి చూపించింది. లేత తేనె రంగులో వెలుతురు అవతలినుంచి వచ్చింది. వెన్ను పొడుగునా చిక్కగా, పొట్ట వైపు పలచగా, మధ్యలో నరాల గుర్తులు చెట్టు కొమ్మల్లా చీలిపోతూ కనిపించాయి. "ఈడ కోయొద్దు తమ్ముడా" అని పొట్ట వైపు వేలు పెట్టింది. "ఈడ సాగుతాది. ఎన్ను మీదదే గట్టిది." దారాలు కోసేటప్పుడు వెన్ను తోలే ఎందుకు వాడాలో ఆ వెలుగులో కళ్ళతో చూశాను. పూర్వం దేవుళ్ళ బొమ్మలకు జింకతోలు వాడేవాళ్ళట, ఇప్పుడు మేకతోలే.

అక్కడ రెండు రోజులున్నాను. తోలు గీకడం, సాగదీసి కట్టడం, ఎండలో ఎంతసేపు ఉంచాలి అన్నవి నేర్పారు. రోజుకు 600 ఇచ్చాను, నాలుగు తోళ్ళు కూడా వాళ్ళ దగ్గరే కొన్నాను. బొమ్మ కొనమని ఒక్కసారి కూడా ఒత్తిడి చేయలేదు. నేనే అడిగి చిన్న గుర్రం బొమ్మ తీసుకున్నాను. దాని కళ్ళేనికి కూడా ఉలితో చిల్లులు పొడిచి ఎర్రరంగు వేశారు. అల్లడం మాత్రం వాళ్ళ పని కాదు. ఆ మాట ముందే చెప్పారు. తెలియనిది తెలియదని చెప్పేవాళ్ళ దగ్గర నేర్చుకోవడం ఎంత సుఖమో అంతకుముందు నాకు తెలియదు.

అనంతపురంలో ఒక పూట ఆగాను. కొనుగోలు కోసమే, అది కలిసిరాలేదు. ఒక దుకాణంలో తంగేడు చెక్కతో ఊనిన తోలు అని చెప్పి మూడు పట్టీలు ఇచ్చారు. బయటికొచ్చి అంచు కొద్దిగా కోసి చూస్తే లోపల బూడిద నీలం రంగు. అది క్రోమ్ తోలు, అంటే క్రోమియం ఉప్పుతో ఊనినది. చెక్కతో ఊనిన తోలు ఎక్కడ కోసినా లోపలిదాకా గోధుమ రంగే ఉంటుంది. క్రోమ్ తోలు చెప్పులకు, సంచులకు బాగానే ఉంటుంది, లాగుడు పడే పగ్గానికి సాగిపోతుంది. వెనక్కి తీసుకోమంటే కోశావు కదా అన్నారు. కొనే ముందే దుకాణదారు ఎదుట, అతని అనుమతితో ఒక మూల కోసి చూడండి.

ఇక అసలు చోటు. కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. అనంతపురం నుంచి బస్సు, తర్వాత ఆటో, తర్వాత కొంత నడక. చెర్నాకోల అల్లే తాత పేరు గాని ఊరు గాని ఇక్కడ రాయను, ఆయన రాయొద్దన్నాడు. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావులకు తోలు తొండాలు, ఎద్దులకు మువ్వల పట్టెడలు, చెర్నాకోలలు ఆయన వాడకట్టే చుట్టుపక్కల పల్లెలన్నిటికీ చేసేది. మోటార్లు వచ్చి కపిలలు పోయాయి, ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు తగ్గాయి. పని చేయించుకున్నవాళ్ళే తోలు ముట్టిన చేతులని దూరం పెట్టారు. కొడుకులిద్దరూ బెంగళూరు పోయారు. ఇప్పుడు బండలాగుడు పోటీల ఎద్దులవాళ్ళు ఎప్పుడైనా వస్తారు.

"ఏమప్పా, యాడనుంచి వచ్చినావు?" అన్నాడు. కర్నూలు అన్నాను. జేజినాయన పగ్గాలు చేతికిచ్చాను. మాట్లాడకుండా వాటిని పది నిమిషాలు వేళ్ళతో తడుముతూ కూర్చున్నాడు. ఒకచోట ఆగి, "ఈడ పాయ తెగింది, ఎవరో అతికినారు. చెయ్యి మంచిది" అన్నాడు. నాకు ఆ అతుకు అంతవరకు కనబడనే లేదు.

దారం తీయడం ఇలా. తోలు నుంచి గుండ్రటి బిళ్ళ కోస్తారు. వేపమొద్దులో రంపె (తోలు కోసే కత్తి) గుచ్చి, దానికి ఎదురుగా ఒక మేకు కొడతారు. మేకుకీ రంపెకీ మధ్య ఉన్న సందే దారం వెడల్పు. బిళ్ళ అంచును ఆ సందులోకి పెట్టి లాగుతూ పోతే చుట్టూ తిరిగి ఒకే దారం వస్తుంది, జిలేబీ విప్పినట్టు. 20 సెంటీమీటర్ల బిళ్ళ నుంచి అర సెంటీమీటరు దారం తీస్తే 6 మీటర్లకు పైనే. జానెడు తోల్లో అంత పొడవు దాక్కుని ఉంటుందని లాగి కొలిచేదాకా నేను నమ్మలేదు. అల్లితే పొడవు తగ్గుతుంది. రెండున్నర మీటర్ల పగ్గానికి ఒక్కో పాయ నాలుగు మీటర్లదాకా పట్టింది. అందుకని పాయకొక బిళ్ళ, మిగిలింది ముడులకు. దారం తీశాక అంచులు ఏటవాలుగా గీకాలి. అది చేయకపోతే జడ కరుకుగా ఉంటుంది, గుర్రం చర్మాన్ని కోస్తుంది. తాత బొటనవేలి గోరు మీద దారాన్ని ఉంచి లాగుతూ గీకేవాడు. ఆ గోటి మీద గాడి పడి ఉంది, ఇన్నేళ్ళ దారాలు నడిచిన దారి.

నాలుగు పాయల గుండ్రని జడ చెప్పడానికి తేలిక. పైనున్న పాయను వెనకనుంచి తిప్పి, అవతలి పక్క రెండు పాయల మధ్యలోంచి ముందుకు తెచ్చి, ఒకదాని మీదుగా మళ్ళీ తన పక్కకే తేవాలి. తర్వాత రెండో పక్కది. అంతే. గంటలో చేతికి వచ్చింది. నేను సంబరపడి రాత్రికి ఒక మూరెడు అల్లేశాను, దారాలను బాగా నీళ్ళలో ముంచి, మెత్తగా జారుతుంటే హాయిగా.

తెల్లారి చూస్తే జడ చిక్కిపోయి ఉంది. పాయల మధ్య సందులు, సందుల్లోంచి అవతలి వెలుతురు. తడి ఆరాక తోలు కుంచించుకుపోయింది. తాత దాన్ని చేతిలోకి తీసుకుని వంచి చూశాడు. "వాన పడిన పొద్దే బురదలో విత్తుతామా? పదును వచ్చేదాకా ఆగుతాం గదా. దీనికీ అంతే. నీళ్ళెక్కువైతే ఇట్లయితాది, తక్కువైతే పుటుక్కుమంటాది." మెట్ట సేద్యం చేసే ఊళ్ళో పుట్టినవాడిని, పదును అంటే ఏమిటో నాకు పుట్టుకతో తెలుసు. పిడికెడు మన్ను పట్టి నొక్కితే ముద్ద కావాలి, వదిలితే పొడి కావాలి. తోలుకు కూడా అదే మాట వాడతారని ఆ పొద్దున విన్నాను.

దారాలను కాసేపు తడిపి, నీళ్ళు తుడిచి, తడి గోనెపట్టాలో చుట్టి రాత్రంతా ఉంచాలి. అప్పుడు తడి దారం లోపలిదాకా సమానంగా పాకుతుంది. పొద్దున తీసి చెంపకు ఆనిస్తే చల్లగా ఉండాలి, నొక్కితే చుక్క రాకూడదు. ఇంకో రెండు రోజులు నేను చేసింది ఈ ఒక్కటే. చెంపకు ఆనించడం, తాతకివ్వడం, ఆయన "ఇంకా" అనడం. మూడోనాటి పొద్దున "ఊ, అల్లు" అన్నాడు. అల్లింది చెక్కపలక కింద పెట్టి కాలితో దొర్లిస్తే పాయలు సర్దుకుని గుండ్రంగా వచ్చింది. ఆరాక కూడా వెంట్రుక దూరే సందు లేదు.

రోజుకు 800 ఇస్తానంటే 500 చాలన్నాడు. నేను 800 ఇచ్చాను. పడక ఆయన ఇంటి అరుగు మీదే. జనవరి చలికి ఒక దుప్పటి చాలదు, రెండు తీసుకుపోండి. ఎండాకాలం వెళ్ళకండి, గాలి తగిలితే దారాలు చేతిలోనే ఎండిపోతాయి. వానల్లో అసలే వద్దు, తోలు ఆరదు, కంపు కొడుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా మంచిది.

తిరుగు దారిలో గుత్తిలో దిగి కోట ఎక్కాను. స్టేషన్ ఊరికి దూరం, ఆటో తప్పదు. ఎక్కడానికి నీళ్ళసీసా తప్పదు. పైన మురారిరావు కూర్చునేవాడని చెప్పే చిన్న మంటపం ఉంది. మరాఠా గుర్రపు దళాల నాయకుడు, 1776లో హైదరలీ ఈ కోట పట్టుకునేదాకా ఇక్కడినుంచే ఏలాడు. అక్కడ కూర్చుని కింద మైదానం చూస్తుంటే అన్ని గుర్రాలకు ఎన్ని పగ్గాలు, ఎన్ని పట్టీలు, ఎవరు అల్లారో అనిపించింది. కోటలో వాళ్ళ పేర్లు ఎక్కడా కనబడలేదు.

ఇంటికొచ్చి ముక్కుపట్టీ మేకతోలుతో నాలుగు పాయల్లో పూర్తి చేశాను. చెంప ఎముక కింద రెండు వేళ్ళ దూరంలో కట్టాను, ముక్కుపుటాల మెత్తటి చోటికి దిగకుండా, లోపల రెండు వేళ్ళు పట్టేంత వదులుగా. గుర్రం వాసన చూసింది, తల విదిలించింది, తర్వాత గడ్డి మేసుకుంది. పుండు మానిన చోట తెల్లవెంట్రుకలు వచ్చాయి. పట్టీ అక్కడ ఆనుతుంది గానీ ఒరుసుకోవడం లేదు. ప్రతి సాయంత్రం విప్పి చూస్తున్నాను.

మాఘం దాటకముందే తాత దగ్గరికి మళ్ళీ పోవాలి, ఈసారి ఎనిమిది పాయలకు. ఎనుము తోలు వెన్నుది చూసి పెడతానన్నాడు. ఆముదం నన్నే తెమ్మన్నాడు, గానుగది, రెండు సీసాలు.