రబ్ రెయిల్ రిపేరు: ఏడేళ్ళ తర్వాత ఏది నిలిచింది, ఏది జారింది

మొన్న ఆదివారం బోటు కడుగుతూ కుడివైపు రబ్ రెయిల్ (బోటు చుట్టూ అతుకు మీద బిగించే పట్టా) అంచున గోరు పెట్టి చూశాను. నీళ్ళు రాకుండా దాని వెనక పెట్టిన బూడిదరంగు బ్యూటైల్ (బంకలాంటి రబ్బరు టేపు) ఇంకా మెత్తగానే ఉంది, గోరు దిగింది. అది పెట్టింది 2017 అక్టోబరులో. రిపేరు చేసిన వారానికే ఫోటోలు పెట్టి "అద్భుతం" అని రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏడేళ్ళు ఉప్పునీళ్ళు తాగాక ఎలా ఉందో చెప్పేవాళ్ళే తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

మాది 1981లో తయారైన 27 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ. కాలిఫోర్నియాలో బర్కిలీ మెరీనాలో (బోట్లు కట్టుకునే రేవులో) ఉంటుంది. ఇలాంటి పాత బోట్లలో అడుగు భాగం ఒక అచ్చు, డెక్ ఇంకో అచ్చు. టిఫిన్ డబ్బా మీద మూత పెట్టినట్టు రెంటినీ కలిపి, ఆ అతుకు మీద చుట్టూ ఒక అల్యూమినియం పట్టా స్క్రూలతో బిగిస్తారు. రబ్ రెయిల్ అంటే ఇదే. పట్టా గాడిలో నల్లటి వినైల్ పట్టీ దూరుస్తారు. స్క్రూలు కనపడకుండా, జెట్టీకి తగిలినా గీతలు పడకుండా. చూడ్డానికి కారు బంపర్‌లా ఉంటుంది కాబట్టి దెబ్బ తగిలితే అందం పోయిందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

బర్కిలీ సరిగ్గా గోల్డెన్ గేట్‌కి (సముద్రపు గాలి లోపలికి దూరే సన్నటి జలసంధికి) ఎదురుగా ఉంటుంది. వేసవి మధ్యాహ్నాలు పడమటి గాలి 20 నాట్లు (గంటకి దాదాపు 37 కిలోమీటర్లు) రావడం ఇక్కడ మామూలే. మా స్లిప్‌లోకి (జెట్టీ పక్కన బోటు కట్టే చోటికి) వచ్చేటప్పుడు ఆ గాలి వెనకనుంచి తోస్తుంది. 2017 ఆగస్టులో రివర్స్ గేరు వేసేసరికి మోటారు ఆగిపోయింది. అంతే, జెట్టీ మూలనున్న బోల్టు తలకాయ కుడివైపు కర్రుమంటూ రాసుకుంటూ పోయింది. రెండు జానల మేర పట్టా లోపలికి నొక్కుకుపోయింది, వినైల్ తెగి తోకలా వేలాడింది. దాని మీద డక్ట్ టేపు చుట్టి ఊరుకున్నాను. మూడు వారాల తర్వాత బోటు బాగా కుడికి ఒరిగేలా నడిపి వచ్చాక చూస్తే, లైఫ్ జాకెట్లు పెట్టే అర తడిసిపోయి ఉంది. వేలు ముంచి నాలుకకి రాసుకుంటే ఉప్పగా తగిలింది.

బోట్లు బాగుచేసే ఒక యార్డులో అడిగితే, బోటు కొన్న డబ్బులో సగం అయ్యే అంకె చెప్పారు. కాకినాడలో నాన్నకి ఫోన్‌లో చెప్తే ఆయనకి నవ్వాగలేదు. "ఒరేయ్, ఇక్కడ జెట్టీలో ఏ మర బోటుకైనా చుట్టూ పాత టైర్లే కదరా కడతారు. నువ్వూ నాలుగు కట్టు!" అన్నారు. నిజానికి దెబ్బ ఆపడానికి అంతకన్నా మంచిది లేదు. కానీ నాకు ఆపాల్సింది దెబ్బ కాదు, నీళ్ళు.

విప్పే ముందు నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో తేల్చుకోవాలి. దీనికి ఎవరూ చెప్పని ఉపాయం ఒకటి మా ఇంట్లోనే దొరికింది: ముగ్గుపిండి. లోపల అతుకు పొడుగునా పొడి పిండి రాసి, మా ఆవిడని టార్చితో అరలో కూర్చోబెట్టి, నేను బయటనుంచి పైపుతో నీళ్ళు కొట్టాను. కిందనుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి. "ఇక్కడ గీత పడిందండీ" అని ఆవిడ చూపించిన చోటు దెబ్బ తగిలిన చోటికి నాలుగడుగులు వెనక ఉంది! పట్టా వంగినప్పుడు స్క్రూలు కదిలి పాత సీలెంటు (నీళ్ళు రాకుండా అతుకులో పూసేది) అక్కడిదాకా ఊడిపోయిందన్నమాట. నొక్కు పడిన చోట మాత్రం సీలెంటు పూస్తే సరిపోతుందనుకునేవాళ్ళు ముందు ఈ పరీక్ష చేసుకోండి.

కుడివైపు 11 అడుగుల ముక్క విప్పాను. ఆరంగుళాలకొకటి చొప్పున 23 స్టీలు స్క్రూలు. అల్యూమినియంలో స్టీలు ముప్పై ఏళ్ళకి పైగా ఉప్పునీళ్ళలో ఉంటే మధ్యలో తెల్లటి పొడి కట్టి పట్టేసుకుంటుంది. ఐదు విరిగాయి, వాటిని డ్రిల్లుతో తీయాల్సి వచ్చింది. అన్నట్టు, నీళ్ళ మీద పని చేసేటప్పుడు బోటుకీ జెట్టీకీ మధ్య పాత లుంగీ ఊయలలా కట్టండి. అది తట్టేలోపే నాలుగు కొత్త స్క్రూలు అడుగున కలిసిపోయాయి. అయస్కాంతం దింపి లాభం లేదు, మంచి రకం 316 స్టీలు దానికి అంటుకోదు.

అన్నిటికన్నా విసుగు పుట్టించింది పాత సిలికాన్. మా ముందు యజమాని ఎవరో ఆ వైపు అతుకంతా సిలికాన్ పూసి పెట్టారు. అసిటోన్‌తో తుడిస్తే పోయినట్టే కనిపిస్తుంది కానీ కంటికి కనపడని పొర ఉండిపోతుంది. దాని మీద ఏ జిగురూ నిలవదు. ఉప్పుకాగితంతో రుద్దడమొక్కటే దారి. 11 అడుగులు రుద్దడానికి రెండు శనివారాలు పట్టింది.

నొక్కుకుపోయిన పట్టా కొత్తది కొందామంటే ఆ ఆకారం ఇప్పుడు దొరకడం లేదు. గాడిలో సరిగ్గా పట్టేలా గట్టి కర్రముక్క చెక్కి లోపల దూర్చి, రెండు పక్కలా క్లాంపులు వేసి రోజుకి కొంచెం చొప్పున బిగించాను. కర్ర లేకుండా సుత్తితో కొడితే గాడి పెదవులు మూసుకుపోతాయి, ఇక వినైల్ దూరదు. ఇంత జాగ్రత్త పడ్డా ఒక చోట రెండు వేళ్ళ వెడల్పున పెదవి విరిగింది. అక్కడ పట్టీని జిగురు చుక్కతో నిలబెట్టాను. ఏడేళ్ళలో అక్కడ మూడుసార్లు ఊడింది, మూడుసార్లూ మళ్ళీ అంటించాను. దగ్గరికొచ్చి చూస్తే ఇప్పటికీ ఆ వంకర కనిపిస్తుంది. తెడ్డేసుకుంటూ పోయే కయాక్ వాళ్ళు తప్ప ఎవరూ అంత దగ్గరికి రారు.

వదులైపోయిన స్క్రూ కన్నాల్ని కాస్త పెద్దవి చేసి, వెస్ట్ సిస్టమ్ కంపెనీ ఎపాక్సీ (105 రెజిన్, 205 హార్డెనర్) కలిపి, సిలికా పొడి వేసి చిక్కగా చేసి నింపాను. గారెల పిండిలా ఉండాలి, చెంచా తిరగేసినా జారకూడదు. మొదటిసారి ఆశకొద్దీ కప్పు నిండా కలిపితే పది నిమిషాల్లో చేత్తో పట్టుకోలేనంత వేడెక్కి రాయైపోయింది. కొంచెం కొంచెంగా కలుపుకోండి. ఆ కన్నాల్లో ఒక్క స్క్రూ కూడా ఈ రోజుకీ వదులు కాలేదు.

ఇక సీలెంటు. పర్మనెంట్ పాలీయురేథేన్ పూయమని పక్క స్లిప్ ఆయన సలహా. అది ఎంత గట్టిదంటే, మళ్ళీ విప్పాల్సి వస్తే ఫైబర్‌గ్లాస్ పైపొర కూడా దానితో పాటు ఊడొస్తుంది. విప్పుకోవడం కుదరని పని నాకెందుకనిపించి బ్యూటైల్ టేపు వైపు మొగ్గాను. ఇది ఆరదు, గట్టిపడదు, ఎప్పటికీ పనస జిగురులాగే ఉంటుంది. చేతులకంటితే వదలడం కూడా అలాగే. పట్టా వెనక పొడుగునా ఒక వరస, ప్రతి స్క్రూ మెడ చుట్టూ చిన్న ఉండ. అసలు కిటుకు బిగించడంలో ఉంది. ఒక్కసారే బిగిస్తే టేపంతా బయటికి వచ్చేస్తుంది. మూడు రోజులు, రోజూ ఎండ ఉన్న మధ్యాహ్నం, పావు చుట్టు చొప్పున బిగించాను. ఈ ప్రాంతంలో జులైలో మంచూ చలీ ఉంటాయి, అసలు ఎండలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. నాకు అదీ కలిసొచ్చింది.

ఫలితం? 2020లో కోవిడ్ వల్ల బోటు వైపు నెలల తరబడి వెళ్ళలేదు, అర పొడిగానే ఉంది. 2022 డిసెంబరు 31న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక్కరోజే ఐదంగుళాలకి పైగా వాన పడింది. తర్వాత జనవరి సగం దాకా తుఫాను మీద తుఫాను. కాస్త తగ్గాక టెన్షన్ పడుతూ వెళ్ళి అర తెరిస్తే, నేను మర్చిపోయిన వార్తాపత్రిక కూడా పొడిగా ఉంది. లోపాలు లేవని కాదు. బయటికి వచ్చిన బ్యూటైల్‌కి దుమ్ము అంటుకుని నల్ల గీత కడుతుంది. ఏడాదికోసారి ప్లాస్టిక్ గరిటెతో గీకాలి. పెట్రోలు, డీజిలు తగిలితే కరిగిపోతుంది కాబట్టి ఇంధనం పోసే మూత దగ్గర వాడొద్దు. అది జిగురు కాదు, బరువు మోసేది స్క్రూలే అని కూడా గుర్తుంచుకోవాలి.

వినైల్ పట్టీకి మాత్రం సగం మార్కులే ఇస్తాను. పట్టీది కొంత తప్పు, నాది ఎక్కువ తప్పు. మరిగే నీళ్ళు పోసి మెత్తబరిచి, గిన్నెల సబ్బునీళ్ళు రాసి గాడిలో లాగాను. వేడి మీద అది సాగింది. చివర సమానంగా కోసి మురిసిపోయాను. మొదటి చలికాలం అయ్యేసరికి మూడు వేళ్ళ వెడల్పు కుంచించుకుపోయి కొసన గాడి బోసిగా కనిపించింది. రెండోసారి కొత్త పట్టీ తెచ్చి, లాగకుండా నెట్టుకుంటూ దూర్చి, రెండంగుళాలు ఎక్కువ వదిలి నెల తర్వాత కోశాను. అది నిలిచింది. కానీ నలుపు వెలిసి బూడిదరంగుకి తిరిగింది. దానికి మందు లేదు.

స్క్రూలు అల్యూమినియంలో పట్టేసుకోకుండా రాసిన టెఫ్-జెల్ అనే లేపనం సంగతి చివర్లో గుర్తొచ్చింది. చిన్న గొట్టమే అయినా ధర చూస్తే గుండె గుభేల్‌మంటుంది. మొన్న పరీక్షకని రెండు స్క్రూలు విప్పితే మామూలు స్క్రూడ్రైవరుతో, చేతి బలంతోనే తిరిగాయి. తెల్లపొడి జాడ లేదు. ఆ ఐదు విరిగిన స్క్రూలతో ఎంత కుస్తీ పట్టానో తెలుసు కాబట్టి, ఆ ధరకి ఇంక సణగను.

ఎడమవైపు ఇంకా 1981 నాటి సీలెంటే ఉంది. మొన్న ఆ వైపు అరలో తాడు చుట్ట తీస్తే కింద చిన్న మడుగు కనిపించింది. రెండు చుట్టలు బ్యూటైల్ టేపు ఆర్డరు పెట్టాను. ముగ్గుపిండి ఇంట్లో ఉంది.