బిల్డింగ్ ఎటు చూస్తోందో చూసి గది బుక్ చేసుకోండి

జైపూర్ హవా మహల్‌కి సాయంత్రం పూట కెమెరా వేసుకుని వెళ్లేవాళ్లను చూస్తే పాపం అనిపిస్తుంది. 1799లో కట్టిన ఆ ఐదంతస్తుల ముఖభాగం తూర్పు వైపు ఉంది. మధ్యాహ్నం దాటితే ఎండ వెనక్కి పోతుంది, రోడ్డు వైపు మిగిలేది చప్పగా ఉండే నీడే. అదే పొద్దున్నే, ఎండ ఇంకా ఏటవాలుగా పడుతున్నప్పుడు వెళ్తే ఆ 953 చిన్న కిటికీల జాలీల అంచులు విడివిడిగా తేలి కనిపిస్తాయి, రాతి రంగు కూడా వెచ్చబడుతుంది. అందుకే అక్కడ ఉండటానికి పాత ఊరి గోడల లోపలే, నడిచి వెళ్లేంత దూరంలో గది చూసుకోవడం మేలు. ఊరి బయట హోటళ్లలో గదులు విశాలంగా ఉంటాయి, కాదనను, కానీ తెల్లారకముందే ఆటో కోసం వెతుక్కునే టెన్షన్ ఎవరికి కావాలి? పైగా ఆ వేళకి రోడ్డు ఖాళీగా ఉంటుంది, కరెంటు తీగలకూ బండ్లకూ తప్పుకుంటూ ఫ్రేమ్ కట్టాల్సిన పని సగం తగ్గుతుంది.

బార్సిలోనాలో సగ్రాడా ఫమిలియా అనే చర్చిది ఇంకో లెక్క, అక్కడ వెలుగు లోపల ఉంది. తూర్పు వైపు అద్దాలు నీలం, ఆకుపచ్చ. పడమటి వైపువి నారింజ, ఎరుపు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో టైమ్ స్లాట్ చూసుకుని తీసుకోవాలి కాబట్టి ఏ రంగు కావాలో అప్పుడే తేల్చుకోండి. నా ఓటు సాయంత్రానికే. ఎండ దిగేకొద్దీ నారింజ మరక ఒకటి స్తంభం మీద మెల్లగా పైకి పాకుతుంది, స్తంభం కొమ్మలుగా చీలే చోటికి ఆ మరక చేరేసరికి బూడిద రంగు రాయి నిప్పు కణికలా ఉంటుంది. ట్రైపాడ్ ఆశ పెట్టుకోకండి, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచుకుని స్తంభానికో గోడకో ఆనుకుని తీయడమే. ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నది, రంగు అద్దాలకి సరిపెట్టుకోండి, నీడలు తర్వాత ఎత్తుకోవచ్చు, కాలిపోయిన రంగు మాత్రం తిరిగి రాదు.

న్యూయార్క్‌లో పైనుంచి తీయాలంటే ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ఎక్కాలా, రాక్‌ఫెల్లర్ సెంటర్‌లోని టాప్ ఆఫ్ ద రాక్ అనే వ్యూ డెక్ ఎక్కాలా అని చాలామంది అడుగుతారు. నేనైతే రెండోదే అంటాను, ఎందుకంటే ఎంపైర్ స్టేట్ మీద నిలబడితే ఫ్రేమ్‌లో ఎంపైర్ స్టేట్ ఉండదు కదా! పైగా రెండోదాని 70వ అంతస్తులో అద్దం అడ్డు ఉండదు. సూర్యాస్తమయం స్లాట్లకి అన్నిచోట్లా గిరాకీ ఎక్కువే. ఒక ఊళ్లో (పేరెందుకులెండి) ఆ స్లాట్‌కి ఎక్కువ డబ్బు తీసుకుని, బ్యాగుల తనిఖీ క్యూలోనే వెలుగంతా అవగొట్టారు, పైకి చేరేసరికి ఆకాశం నల్లబడింది. స్లాట్ ఎప్పుడైనా గంట ముందుది తీసుకోండి, పైన ఎంతసేపు ఉండనిస్తారో కూడా అడగండి.

హోటళ్లవాళ్లు సిటీ వ్యూ అని చెప్పి రేటు పెంచే గది విషయంలో రెండే ప్రశ్నలు: కిటికీ ఏ దిక్కుకి, అది తెరుచుకుంటుందా. పై అంతస్తుల్లో సాధారణంగా తెరుచుకోదు. అప్పుడు గదిలో లైట్లన్నీ ఆర్పి, లెన్స్‌ని అద్దానికి ఆనించి, చుట్టూ నల్ల గుడ్డో జాకెట్టో కప్పితే లోపలి ప్రతిబింబాలు పోతాయి. అద్దం బయటి వైపు మురికిగా ఉంటే మాత్రం ఏం చేయలేం.

ఫోటో వాక్ అంటూ తిప్పే గైడ్ల సంగతి: కొత్త ఊళ్లో మొదటి రోజు పనికొస్తారు, ఏ సందులోంచి గోపురం కనిపిస్తుందో వాళ్లకి తెలుసు. కానీ గుంపుతో నడుస్తుంటే ఒక్కచోట నిలబడి మబ్బు తప్పుకునేదాకా కాచుకోవడం కుదరదు. చోట్లు చూపించుకుని, మర్నాడు ఒంటరిగా వెళ్లడం నయం.

బ్లూ అవర్, అంటే పొద్దు పోయాక ఆకాశం ముదురు నీలంగా ఉండే వేళ, అన్నిచోట్లా గంట ఉండదు, పేరు చూసి మోసపోకండి. సింగపూర్ భూమధ్యరేఖకి దగ్గర, అక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. మెరీనా బే దగ్గర లైట్లు వెలిగి ఆకాశంలో నీలం ఇంకా మిగిలి ఉండే సమయం ఇరవై నిమిషాలు ఉంటే ఎక్కువ. అస్తమయానికి ముందే ఫ్రేమ్ ఖాయం చేసుకోవాలి, అక్కడికీ ఇక్కడికీ పరిగెత్తితే రెండూ పోతాయి. స్టాక్‌హోమ్‌లో జూన్‌లో ఇది పూర్తిగా తిరగబడుతుంది, పొద్దు పోయాక కూడా గంట దాటి వెలుగు ఉంటుంది. సోడెర్‌మాల్మ్ అనే దీవి గట్టు మీది మోంటెలియస్‌వేగెన్ అనే నడకదారిలో తీరిగ్గా తిరుగుతూ నీళ్లకి అవతల ఉన్న ఎర్ర ఇటుకల సిటీ హాల్‌ని, 1923లో తెరిచిన భవనం అది, ఎన్ని రంగుల ఆకాశం కింద కావాలంటే అన్ని రంగుల కింద తీసుకోవచ్చు. ఆ గట్టు వైపే గది తీసుకుంటే అర్ధరాత్రి నడిచే వెనక్కి వచ్చేయొచ్చు. కాకపోతే బుక్ చేసే ముందు కిటికీలకి మందపాటి కర్టెన్లు ఉన్నాయో లేదో రివ్యూల్లో చూడండి, లేకపోతే తెల్లవారుజామున మూడున్నరకే ఎండ మొహం మీద పడుతుంది.