మిలిటరీ బ్రాస్‌లో ప్రైమర్ క్రింప్: కొయ్యాలా, నొక్కాలా?

"మిలిటరీ బ్రాస్ తెచ్చుకున్నాను, పాత ప్రైమర్ తీసేశాను, కొత్తది దిగట్లేదు, ఏం చెయ్యాలి?" అని ఎంతమంది అడిగారో లెక్కపెట్టడం మానేశాను. (మిలిటరీ బ్రాస్ అంటే సైన్యం కాల్చి వదిలేసిన తూటాల ఇత్తడి గుల్లలు, మళ్ళీ నింపి కాల్చుకోడానికి తెచ్చుకుంటాం. ప్రైమర్ అంటే గుల్ల అడుగున ఉండి, దెబ్బ తగలగానే పేలి లోపలి మందుని అంటించే చిన్న మూత.) ప్రైమర్‌ని పట్టి ఉంచే నొక్కుడు, అంటే క్రింప్, తియ్యాలి అనగానే రెండో ప్రశ్న సిద్ధం: రీమర్ కొనాలా, స్వేజర్ కొనాలా? నేను కూడా ఈమధ్యే ఒకదాని నుంచి రెండోదానికి మారాను కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నా.

ముందు క్రింప్ ఎందుకుంటుందో చెప్తా. ఆటోమేటిక్ ఆయుధంలో ప్రైమర్ వెనక్కి ఊడి లోపల పడితే తుపాకీ జామ్ అవుతుంది, అందుకని ఫ్యాక్టరీలో ప్రైమర్ చుట్టూ ఉన్న ఇత్తడిని కాస్త లోపలికి నొక్కేస్తారు. కొన్నిట్లో అది చుట్టూ రింగులా ఉంటుంది, కొన్నిట్లో మూడు నాలుగు గాట్లలా. రీమర్ ఆ అంచుని కోసేస్తుంది. స్వేజర్ ఏమీ కొయ్యదు, గట్టి ఉక్కు బటన్‌ని పాకెట్‌లోకి (ప్రైమర్ కూర్చునే గుంటలోకి) నెట్టి ఆ అంచుని మళ్ళీ పక్కకి తోసేస్తుంది. ఈ రెండిట్లో ఏదో ఒకటి చెయ్యకుండా బలవంతంగా ప్రైమర్ దింపితే అది నలుగుతుంది, టైం బాగోకపోతే చేతిలోనే పేలుతుంది.

చాలామంది ఏది తొందరగా అవుతుందని చూస్తారు. నాకది పెద్ద విషయంగా అనిపించదు, ఎందుకంటే ఒక కేస్‌కి క్రింప్ తియ్యడం జీవితంలో ఒక్కసారే (కేస్ అంటే ఇత్తడి గుల్ల, కోర్టు కేసు కాదు, అది జీవితాంతం నడుస్తుంది). ఆ ఒక్కసారికి రెండు గంటలు పట్టినా, మూడు గంటలు పట్టినా ఒకటే. చూడాల్సింది ఆ పని అయ్యాక పాకెట్ ఎలా మిగిలిందని. స్మాల్ రైఫిల్ ప్రైమర్ వ్యాసం సుమారు 0.175 అంగుళం, పాకెట్ దానికంటే వెంట్రుకవాసి చిన్నగా ఉంటుంది. క్రింప్ పోయాక ప్రైమర్‌ని పట్టుకుని ఉండేది ఆ బిగువు ఒక్కటే. అది పోతే ప్రైమర్ చుట్టూ వేడి గ్యాస్ లీకై బోల్ట్ (తుపాకీలో కేస్ వెనక ఆనే ఉక్కు భాగం) ముఖాన్ని తినేస్తుంది.

నా మొదటి మూట 5.56 ఎంఎం బ్రాస్ మొత్తం రీమర్‌తోనే చేశాను, అదీ డ్రిల్‌కి బిగించి. మొదటి వందా శ్రద్ధగా చేశాను, తర్వాత చెయ్యి దాని పని అది చేసుకుపోయింది, నా ధ్యాస ఎక్కడో ఉంది. కొత్త ప్రైమర్లు పెట్టేటప్పుడు తెలిసింది, కొన్నిట్లో ఏ బిగువూ లేకుండా జారిపోతున్నాయి. పాకెట్ నోరు గరాటులా అయిపోయింది. కోసిన ఇత్తడి తిరిగి రాదు కదా, అవన్నీ తుక్కులో వేశాను. స్వేజర్‌తో తక్కువ నొక్కితే ప్రైమర్ దిగదు, ఇంకోసారి నొక్కితే సరి. రీమర్‌తో ఆ రెండో అవకాశం లేదు. నేను మారడానికి కారణం ఇదే.

అలాగని స్వేజర్ కొనేస్తే కష్టాలు తీరిపోతాయని కాదు. నొక్కేటప్పుడు కేస్ లోపలి నుంచి ఒక రాడ్ ఆసరాగా ఉంటుంది, అది కేస్ అడుగున ఆనుతుంది. ఆ అడుగు మందం ఒక్కో తయారీకి ఒక్కోలా ఉంటుంది. వెనక ఎల్‌సీ అని ముద్ర ఉన్నవాటికి, అంటే మిస్సోరిలోని లేక్ సిటీ ప్లాంట్ బ్రాస్‌కి, సరిగ్గా సెట్ చేసి అదే సెట్టింగ్‌లో వేరే తయారీది పెడితే, ఒకదానికి క్రింప్ మిగిలిపోతుంది, ఇంకోదానికి ఎక్కువ నొక్కుకుపోయి పాకెట్ వదులవుతుంది. కాబట్టి ముందు హెడ్‌స్టాంప్ (కేస్ వెనకున్న ఆ తయారీ ముద్ర) చూసి కుప్పలు పోసుకోవాలి. ఆ ఓపిక లేనివాళ్ళకి రీమరే నయం, దానికి లోపల మందంతో పని లేదు.

చేతితో తిప్పే చాంఫర్ టూల్ (అంచుని ఏటవాలుగా కోసేది) యాభై కేసులకి సరిపోతుంది, ఐదొందలకి మణికట్టు పోతుంది. చాకుతో చేస్తామనేవాళ్ళకి నేను చెప్పేదేం లేదు.

ఏ పనిముట్టు కొన్నా, ముందు టార్చి వేసి కేస్ లోపలికి చూడండి. అడుగున ఒక రంధ్రం కాకుండా రెండు చిన్నవి కనిపిస్తే అది బెర్డాన్ రకం కేస్, పాత ప్రైమర్‌ని బయటికి నెట్టే మామూలు డీక్యాపింగ్ పిన్ విరుగుతుంది, పక్కన పడెయ్యండి. వదులు ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఉన్న మెషిన్‌గన్‌లో కాల్చిన బ్రాస్ బాగా సాగి ఉంటుంది, వంచిన పేపర్ క్లిప్ కొనని లోపలి గోడ వెంబడి, అడుగుకి కాస్త పైన రాసి చూస్తే గాడి తగలొచ్చు. తగిలిందా, అది తుక్కులోకే, ఇక దాని క్రింప్ గురించి ఆలోచించక్కర్లేదు. ఇంకోటి, 7.62 ఎంఎం మిలిటరీ కేస్ గోడలు మందంగా ఉండి లోపల జాగా తక్కువుంటుంది కాబట్టి కమర్షియల్ కేస్‌కి కుదిరిన లోడ్ (మందు కొలత) దీన్లో అలాగే పొయ్యకూడదు.

రీమర్ నేను అమ్మెయ్యలేదు. హెడ్‌స్టాంప్ చదవలేనివి, ఒక్కోటి ఒక్కో రకం ఉన్నవి ఒక డబ్బాలో పడేస్తుంటాను, అది నిండినప్పుడు ఆ రీమర్ బయటికొస్తుంది, ఈసారి డ్రిల్ లేకుండా.