ఫ్లాష్ కమాండ్‌కు రెండో బైటు: డ్రైవర్‌లో ఎక్కడ పెడితే మేలు?

ఎస్‌పీఐ నార్ ఫ్లాష్ అంటే కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ చిప్. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్లలో, ఏళ్ల తరబడి కమాండ్ అంటే ఒక్క బైటే. ఐడీ చదవాలంటే 9ఎఫ్, స్టేటస్ కావాలంటే 05, రాసే ముందు అనుమతికి 06 (ఈ కోడ్‌లన్నీ హెక్స్, అంటే 16 ఆధారంగా రాసే అంకెలు). అందుకే పాత డ్రైవర్లలో కమాండ్‌ను ఉంచే ఫీల్డ్ 8 బిట్లే ఉంటుంది. ఆక్టల్ డీటీఆర్ చిప్‌లతో ఈ లెక్క తప్పింది. ఎనిమిది లైన్ల మీద క్లాక్ ఎక్కేటప్పుడు ఒక బైటు, దిగేటప్పుడు ఇంకో బైటు పోతాయి. 200 మెగాహెర్ట్జ్ దగ్గర సెకనుకు 400 మెగాబైట్ల వేగం వచ్చేది అందుకే. ఒక్క బైటు కమాండ్ పంపితే అది సగం క్లాక్‌కే అయిపోతుంది, కాబట్టి వెనక రెండో బైటు ఉండాల్సిందే.

ఆ రెండో బైటు అన్ని చిప్‌లలో ఒకటి కాదు. మైక్రాన్ ఆక్టల్ చిప్‌లు మొదటి బైటునే మళ్లీ అడుగుతాయి: 9ఎఫ్ 9ఎఫ్. మాక్రోనిక్స్ చిప్‌లు దాని బిట్లన్నీ తిరగేసి (0ను 1గా, 1ని 0గా మార్చి) పంపమంటాయి: 9ఎఫ్ 60. ఏ పద్ధతో చిప్‌లోని ఎస్‌ఎఫ్‌డీపీ పట్టికే (చిప్ తన వివరాలు తానే చెప్పుకునే పట్టిక) చెబుతుంది.

హనుమకొండలో ఈసీఈ పూర్తిచేసి ఎంబెడెడ్ పని నేర్చుకుంటున్న పిల్లల దగ్గర ఈ చర్చ వచ్చింది. "ఫీల్డ్‌ను 16 బిట్లు చేస్తే అయిపోతది గద అన్నా" అని ఒకరు. "నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలిచ్చుడు? పక్కన ఇంకో ఫీల్డ్ పెడదాం" అని ఇంకొకరు. ఎక్స్‌టెన్షన్ (ఆ రెండో బైటు) సంగతి, బోర్డు మీద నుంచి చిప్‌కు సిగ్నళ్లు పంపే కంట్రోలర్ డ్రైవర్‌కే వదిలేద్దామన్నది మూడో మాట.

మూడోది నాకు అసలు నచ్చదు. రెండో బైటు ఏమిటన్నది చిప్ లక్షణం, కంట్రోలర్‌ది కాదు. ఆ నియమం కంట్రోలర్ డ్రైవర్‌లో రాస్తే, అదే చిప్‌ను ఇంకో బోర్డు మీద పెట్టిన రోజు మళ్లీ రాసుకోవాలి. కేడెన్స్ కంపెనీ కంట్రోలర్‌లో ఎక్స్‌టెన్షన్‌కు ప్రత్యేక రిజిస్టర్ ఉంది, నిజమే. కానీ అందులో ఏ విలువ వేయాలో పైనుంచి చెప్పాల్సిందే.

పక్కన ఫీల్డ్ పెట్టే పద్ధతిని తీసిపారేయలేం. ముందు ఏది, వెనక ఏది అన్న తికమక ఉండదు. పాత కోడ్ అలాగే కంపైల్ అవుతుంది. అయితే ప్రమాదం కూడా అక్కడే ఉంది: కొత్త ఫీల్డ్ సంగతి తెలియని కంట్రోలర్ డ్రైవర్ దాన్ని చూడకుండా ఒక్క బైటే పంపుతుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఇంకోటి, ఆ ఫీల్డ్‌లో సున్నా ఉంటే అర్థమేమిటి? ఎక్స్‌టెన్షన్ లేదనుకుందామంటే, ఎఫ్ఎఫ్‌ను తిరగేస్తే వచ్చేది 00 కదా. ఉందా లేదా అన్నది వేరే చోట చెప్పక తప్పదు.

లైనక్స్ 2020లో ఎంచుకున్నది మొదటి దారి: ఫీల్డ్‌ను 16 బిట్లు చేసి, ఎన్ని బైట్లు పంపాలో చెప్పే లెక్కను దాని పక్కనే పెట్టారు. ఎక్స్‌టెన్షన్ బైటును ఫ్లాష్ లేయర్ (చిప్ సంగతులు చూసుకునే పై భాగం) ఒక్క చోటే కలుపుతుంది. డీటీఆర్ చేయగలనని చెప్పని కంట్రోలర్‌కు ఆ కమాండ్ వెళ్లదు, లైనక్స్ దాన్ని ముందే తిరస్కరిస్తుంది. పలు చిప్‌లు, పలు బోర్డులు నడపాల్సిన డ్రైవర్‌కు ఇదే మేలని నా గట్టి అభిప్రాయం. ఈ తిరస్కరణ లేకుండా ఫీల్డ్‌ను మాత్రమే పెంచితే పాత డ్రైవర్ తన 8 బిట్ల రిజిస్టర్‌లో కింది బైటును, అంటే ఎక్స్‌టెన్షన్‌నే, కమాండ్‌గా వేసేస్తుంది. కాబట్టి ఫీల్డ్, బైట్ల లెక్క, తిరస్కరణ మూడూ కలిసే రావాలి.

ఈ దారిలో అసలు టెన్షన్ బైట్ల వరుసతోనే. పై బైటు ముందు పోవాలన్నది లైనక్స్ నియమం. మాక్రోనిక్స్ ఐడీ కమాండ్ 9ఎఫ్60 అనుకోండి. ఏఆర్ఎమ్ బోర్డులు మామూలుగా లిటిల్ ఎండియన్, అంటే మెమరీలో కింది బైటు ముందు ఉంటుంది. ఆ వేరియబుల్ అడ్రస్‌నే ఇచ్చి రెండు బైట్లు పంపమంటే, లైన్ మీదికి ముందు 60, తర్వాత 9ఎఫ్ పోతాయి. అదే చిప్‌లో 60 9ఎఫ్ అంటే మొత్తం చిప్ ఎరేజ్! 06 కూడా తలకిందులుగానే పోతే రాసే అనుమతి దొరకదు కాబట్టి ఎరేజ్ జరగదు. కానీ డ్రైవర్‌లో సగం కొత్త దారిన, సగం పాత దారిన పోతూ 06 మాత్రం సరిగ్గా వెళ్లి ఉంటే, ఆ తర్వాత ఐడీ అడగ్గానే డేటా అంతా పోతుంది.

కాబట్టి షిఫ్ట్ చేసి ఒక్కో బైటును విడిగా బఫర్‌లో పెట్టండి. అడ్రస్‌తో కాపీ చేయొద్దు. సీ భాషలో తిరగేసేటప్పుడూ జాగ్రత్త: 8 బిట్ల విలువను తిరగేస్తే ఫలితం ఇంట్ (అంతకంటే వెడల్పైన సంఖ్య) అవుతుంది, పై బిట్లన్నీ ఒకట్లతో నిండుతాయి. దాన్ని 8 బిట్లకు కుదించకుండా కలిపితే 9ఎఫ్60 బదులు ఎఫ్ఎఫ్60 వస్తుంది. ఎక్స్‌టెన్షన్ ఇచ్చే ఫంక్షన్ 8 బిట్ల విలువే తిరిగిచ్చేలా రాస్తే ఈ తంటా ఉండదు.

ఒకే చిప్, ఒకే బోర్డు, ఆర్‌టీఓఎస్ (చిన్న రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్) కూడా లేని చిన్న ఫర్మ్‌వేర్ అయితే ఇంత అవసరం లేదు. రెండు బైట్ల కమాండ్లను పట్టికగా రాసుకుంటే చాలు. ఏదైనా సరే, మొదటి పరీక్ష ఖాళీ చిప్ మీదే చేయండి. క్లాక్ బాగా తగ్గించి, ఎనిమిది లైన్ల మీదా లాజిక్ అనలైజర్ (లైన్ల మీద పోయే బిట్లను చూపే పరికరం) పెట్టి, 9ఎఫ్ ముందు పోతోందో లేదో కళ్లతో చూశాకే 06 జోలికి వెళ్లండి.