శెనక్కాయ లెక్టిన్‌తో నేటివ్ మాస్ స్పెక్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

నేటివ్ మాస్ స్పెక్ అంటే ప్రోటీన్ల గుంపుని విడగొట్టకుండా, ఉన్నదున్నట్టే మిషన్‌లో తూచడం. అనంతపురంలో ప్రోటీన్ల మీద పని అంటే ముందు చేతికొచ్చేది శెనక్కాయే. దాని లెక్టిన్‌లో (చక్కెరలకు అంటుకునే ప్రోటీన్) నాలుగు ఒకేలాంటి గొలుసులు కలిసి ఉంటాయి, ఒక్కోటి సుమారు 27,000 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే యూనిట్), మొత్తం 1,10,000 దాకా. బెంగళూరు ఐఐఎస్‌సీలో శాస్త్రవేత్త విజయన్ గారి బృందం 1994లోనే ఎక్స్‌రేతో దీని నిర్మాణం తేల్చేసింది, కాబట్టి మిషన్ నిజం చెబుతోందో లేదో చూసుకోవడానికి ఇంతకన్నా మంచి శాంపిల్ మాకు దొరకదు.

మిషన్ ఇక్కడ లేదు. ఐస్ డబ్బా పట్టుకుని బెంగళూరు బస్సెక్కాల్సిందే.

అసలు తలనొప్పి మిషన్‌తో కాదు, ఉప్పుతో. ప్రోటీన్ మామూలుగా ఉండే ఫాస్ఫేట్ బఫర్‌ని అలాగే పెడితే సోడియం అంటుకుని గ్రాఫ్‌లో సన్నగా రావాల్సిన పీక్ కాస్తా గుట్టలా లావైపోతుంది, అందుకే ఫిల్టర్‌లో మళ్లీ మళ్లీ తిప్పి ఆవిరైపోయే అమోనియం ఎసిటేట్‌లోకి మార్చాలి. ఇక్కడ బద్ధకిస్తే ఆ రోజు స్లాట్ పోయినట్టే. బాగా మారిస్తే మాత్రం రెండు మూడు మైక్రోలీటర్లు చాలు, ఎం బై జెడ్ (బరువుని ఛార్జితో భాగిస్తే వచ్చేది) 5,000 దగ్గర నాలుగు గొలుసుల గుంపు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మా గైడ్ సార్ కూడా కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఒకటి గుర్తుంచుకోండి, పెప్టైడ్ల (ప్రోటీన్ చిన్న ముక్కల) కోసం 2,000 లోపే చూసేలా సెట్ చేసిన మిషన్‌లో ఇది అసలు కనబడదు, బుక్ చేసే ముందే రేంజ్ అడగండి.

గుంపులో ఎన్ని గొలుసులున్నాయి, చక్కెర అంటుకుందా లేదా, ఈ రెండింటికీ దీన్ని కళ్లు మూసుకుని నమ్ముతాను. ఏ గొలుసు పక్కన ఏదుందంటే మాత్రం అంత తేలిక కాదు. గ్యాస్‌తో ఢీకొట్టిస్తే సాధారణంగా ఒక గొలుసు విప్పుకుని ఛార్జిలో పెద్ద వాటా పట్టుకుని బయటికి పోతుంది, మూడు మిగులుతాయి, దాంతో అమరిక గురించి తెలిసేది తక్కువ. గట్టి ఉపరితలానికి కొట్టే సౌకర్యం ఉంటే జంటలుగా విడిపోయే అవకాశం ఎక్కువ, అమరిక కోసమైతే అది లేని చోట డబ్బు పెట్టకండి.

క్రాస్‌లింకింగ్ (దగ్గరగా ఉన్న చోట్లను రసాయనంతో ముడివేయడం) కలిపితే సరిపోతుందని చాలామంది అంటారు. బీఎస్3 అనే రసాయనంతో రెండు లైసిన్లను (ప్రోటీన్‌లోని ఒక రకం అమైనో ఆమ్లాలు) కట్టేస్తే ఆ రెండూ దాదాపు 30 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపే ఉన్నాయని తెలుస్తుంది, నిజమే. కానీ మన లెక్టిన్‌లో నాలుగూ ఒకటే కాబట్టి ఆ ముడి ఒకే గొలుసులోదో, రెండిటి మధ్యదో చెప్పడం కష్టం. వేర్వేరు గొలుసులున్న కాంప్లెక్స్ అయితే అదే పద్ధతి బంగారం. మీది ఏ రకమో చూసుకుని స్లాట్ తీసుకోండి.